నమ్మకాన్ని కథగా రాయడం – 4వ పాఠం: మొక్కు, జవాబు

పోయిన పాఠంలో మీ ఇంటి పూజగది గురించో, ప్రార్థన చేసుకునే మూల గురించో ఒక పేజీ రాయమన్నాను. వస్తువులు మాత్రమే రాయండి, భావాలు వద్దన్నాను. ఆ పేజీ దగ్గర పెట్టుకోండి, చివర్లో దానితో పనుంది. ఈసారి ఆ గదిలోకి ఒక మనిషిని తెద్దాం. మనిషన్నాక కోరిక ఉంటుంది, కోరిక ఉంటే మొక్కు ఉంటుంది. రాసేవాళ్లకి చిక్కు మొదలయ్యేది అక్కడే.

దైవభక్తి ఉన్నవాళ్లు రాసే కథల్లో తరచూ ఇలా జరుగుతుంది: కష్టం వస్తుంది, తల్లి దేవుడి మీద భారం వేస్తుంది, తెల్లారేసరికి కష్టం గట్టెక్కుతుంది. రాసినవాళ్ల భక్తిని శంకించాల్సిన పని లేదు. నాకూ దేవుడంటే నమ్మకమే, మొక్కులు తీరతాయనే నమ్ముతాను. అయినా కథలో అది నిలబడదు. ఎందుకంటే అక్కడ ప్రార్థన రాసిందీ మీరే, జవాబు రాసిందీ మీరే. బతుకులో జవాబు మన చేతిలో ఉండదు. అందుకే అది వచ్చినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. కథలో ఆ జవాబు మీరు ఎప్పుడంటే అప్పుడు ఇప్పించగలరని చదివేవాళ్లకి తెలుసు. నమ్మకం లేనివాళ్లు 'సరేలే' అని పేజీ తిప్పేస్తారు. నమ్మకం ఉన్నవాళ్లకి ఇంకా కష్టంగా ఉంటుంది, తమ మొక్కు తీరని రోజులు వాళ్లకి గుర్తుంటాయి కదా.

అందుకని దేవుడు ఏం చేశాడో రాయడం ఆపి, మనిషి ఏం చేసిందో, అందుకోసం ఏం వదులుకుందో రాయండి.

ఒక ఉదాహరణ తీసుకుని పని చేద్దాం. చెన్నై తిరువల్లిక్కేణిలో ఒక చిన్న మెస్. నడిపేది నెల్లూరు నుంచి వచ్చి స్థిరపడ్డ రాజ్యలక్ష్మి. చుట్టూ మ్యాన్షన్లలో, అంటే అద్దె గదుల లాడ్జీల్లో ఉండే బ్రహ్మచారి కుర్రాళ్లే ఆమె గిరాకీ. కూతురు ఇష్టపడినవాణ్ణి పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది, మాటల్లేవు. మొదటి చిత్తులో చాలామంది ఇలా రాస్తారు:

"రాజ్యలక్ష్మికి పార్థసారథి మీద అచంచలమైన విశ్వాసం. కూతురు తప్పకుండా తిరిగి వస్తుందని నమ్మేది. రోజూ గుడికి వెళ్లి కన్నీళ్లతో వేడుకునేది."

ఇందులో తప్పు మాట ఒక్కటీ లేదు, కానీ కంటికి కనబడేదీ ఏమీ లేదు. ఇప్పుడు ఆమెకి ఒక మొక్కు ఇద్దాం: కూతురు మాట్లాడేదాకా కాఫీ ముట్టనని.

"డికాషన్ దిగుతుంటే రాజ్యలక్ష్మి మొహం పక్కకి తిప్పుకుంది. కుర్రాళ్లందరికీ గ్లాసులు అందించి, తను వేణ్ణీళ్లు తాగింది. 'రుచి చూడకుండా ఎలా కలుపుతావక్కా?' అన్నాడు పాలబ్బాయి. 'రంగు చూసి' అంది."

దేవుడి పేరు కూడా రాలేదు, అయినా ఆమె భక్తి ఎంత గట్టిదో తెలిసిపోయింది. మొక్కు ఎప్పుడూ ఆ మనిషి రోజువారీ పనికి అడ్డం పడేలా ఉండాలి. కాఫీ అలవాటు లేని మనిషి కాఫీ మానేస్తే కథ లేదు. పొద్దున్నే ఊరందరికీ కాఫీ కలిపే మనిషి మానేస్తే ఉంది.

ఇక గుడి. ఇక్కడ తొందరపడకండి. తిరువల్లిక్కేణి కోవెలలో మూలవిరాట్టు వేంకటకృష్ణుడికి పెద్ద మీసాలుంటాయి. చేతిలో శంఖం ఉంటుంది గానీ చక్రం ఉండదు, యుద్ధంలో ఆయుధం పట్టనని మాటిచ్చాడు కనక. ఉత్సవమూర్తి పార్థసారథి మొహం మీద మచ్చలుంటాయి. అర్జునుడి రథం తోలుతూ భీష్ముడి బాణాలు తన మీద తీసుకున్న గుర్తులని చెబుతారు. ఇంతకంటే ఏం కావాలి కథకి? అయితే 'గాయపడ్డ దేవుడికే నా బాధ తెలుస్తుంది అనుకుంది రాజ్యలక్ష్మి' అని రాశారో, మొత్తం పాడవుతుంది. ఆమె చూపు ఆ మచ్చల మీద ఒక్క క్షణం నిలిచిందని రాసి, వెనకవాళ్లు తోస్తుంటే తీర్థం పుచ్చుకుని ముందుకు నడిపించండి. మిగతాది చదివేవాళ్లు చూసుకుంటారు. మీరు రాసే గుడికో చర్చికో ఒకసారి వెళ్లి, కళ్లు మూసుకోకుండా నిలబడి రండి.

భక్తురాలు కోప్పడకూడదన్న భయం కూడా వదిలేయండి. మన భక్తి సాహిత్యంలో నిందాస్తుతికి పెద్దపీటే ఉంది. గోల్కొండ చెరసాలలో రామదాసు రాముణ్ణి ఊరికే నిలదీయలేదు. సీతమ్మకి చేయించిన చింతాకు పతకం, రాముడికి చేయించిన కలికితురాయి, ఇలా నగల లెక్క ఒక్కొక్కటే అప్పజెప్పి నిలదీశాడు. బాధని లెక్కల్లో చెప్పడం ఎంత గొప్ప పద్ధతో చూడండి! రాజ్యలక్ష్మి కూడా అలా అడగొచ్చు: ఎన్ని పండగలు ఒక్కదాన్నే చేసుకున్నాను స్వామీ, ఎన్నిసార్లు పరమాన్నం పక్కింటివాళ్లకి పెట్టేశాను?

ముగింపు దగ్గరికి వద్దాం. కూతురు కాళ్ల మీద పడి ఏడ్చే ముగింపు వద్దు. ఎప్పటికీ ఫోనే రాని ముగింపు కూడా తేలికైనదే, అందులోనూ మీ చెయ్యి కనబడుతుంది. నేనైతే ఫోన్ చేయిస్తాను. కానీ రేషన్ కార్డులోంచి తన పేరు తీయించమని అడగడానికి. తమిళనాడులో పెళ్లయిన అమ్మాయికి కొత్త కార్డు కావాలంటే పుట్టింటి కార్డులో పేరు తీయించాల్సిందే. కూతురు మాట్లాడింది, మొక్కు మాటకి మాట తీరింది. మాట్లాడింది మాత్రం పేరు కొట్టేయించుకోవడానికి. ఇప్పుడు రాజ్యలక్ష్మి కాఫీ తాగొచ్చా? నమ్మేవాళ్లు ఒకలా, నమ్మనివాళ్లు ఒకలా జవాబు చెప్పుకుంటారు. మీరు ఎవరి పక్షానా తీర్పు చెప్పక్కర్లేదు. ఆమె ఏం చేసిందో మాత్రం రాయాలి, తప్పించుకోకూడదు.

మీ మతం ఏదైనా పద్ధతి ఇదే. చెన్నైలోనే బీసెంట్ నగర్ చర్చిలో వేళాంకణ్ణి మాత పండగ ఆగస్టు 29న జెండా ఎగరేయడంతో మొదలై సెప్టెంబరు 8 దాకా జరుగుతుంది. అక్కడికి కాలినడకన వచ్చే మనిషి ఆ రోజుకి ఏ కూలి వదులుకుని వచ్చాడో చూడండి. తిరువల్లిక్కేణిలోనే 1795లో కట్టిన వాలాజా మసీదు ఉంది. రంజాన్‌లో అక్కడ సింధీ హిందువులు ఏళ్ల తరబడి ఇఫ్తార్ వడ్డిస్తున్నారు. వడ్డించేవాళ్ల వైపు నుంచి ఎవరైనా రాస్తే చదవాలని నాకు చాలా ఆశ.

ఈ వారం అభ్యాసం: పోయినసారి రాసిన పేజీలోంచి ఒక వస్తువు తీసుకోండి. దాని ముందు మీ పాత్ర చేత ఒక మొక్కు మొక్కించండి. రెండు పేజీలు చాలు. 'భక్తి', 'విశ్వాసం', 'నమ్మకం' అన్న మాటలు ఎక్కడా రాకూడదు. మొక్కు వల్ల ఆ మనిషి రోజులో ఏ పని కష్టమైందో కనబడాలి. జవాబు వస్తే, అది అడిగినట్టు కాకుండా రావాలి. రాశాక, దేవుడంటే పట్టింపు లేని స్నేహితులెవరికైనా చదివి వినిపించి, ఈ మనిషికి ఏం కావాలో చెప్పమనండి. వాళ్లు చెప్పలేకపోతే మొదటి పేజీ తిరగరాయండి. వచ్చే పాఠంలో ఆ స్నేహితుణ్ణే కథలోకి తెచ్చి, మీ పాత్రతో వాదన పెట్టిద్దాం.