గేమ్ మాస్టర్ విద్య, నాలుగో పాఠం: కొత్త పాత్రకు ఎంత బలం ఉండాలి?

మూడో పాఠంలో 1981 నాటి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (గేమ్ మాస్టర్ కథ నడిపిస్తుంటే ఆటగాళ్లు తలా ఒక పాత్రను పోషించే బల్ల మీది ఆట) బేసిక్ నియమాలతో పాత్రలను తయారుచేయించిన తరువాత వచ్చిన ఉత్తరాలలో రెండు రకాల ఇబ్బందులు కనిపించాయి. గుంటూరు బ్రాడీపేటలో ఆదివారాలు కూర్చునే ఒక బృందం ఆ పాత్రలతోనే కొండవీటి కోటను పోలిన ఒక శిథిల దుర్గంలోకి వెళ్లి, మొదటి గదిలోనే, పొట్టి దుష్టజీవులైన నాలుగు గాబ్లిన్‌లతో తలపడి, నలుగురిలో ముగ్గురిని పోగొట్టుకుంది. ఆ సంగతి తెలిసిన విజయవాడ మొగల్రాజపురం మిత్రులు అదే ఆటకు 2014లో వచ్చిన అయిదో ఎడిషన్ నియమాలు తీసుకుని, ఏకంగా అయిదో లెవెల్ (పాత్ర ఎదుగుదలలో అయిదో మెట్టు) నుంచి ఆట మొదలుపెట్టి, సాయంత్రంలో చాలాభాగం క్యారెక్టర్ షీట్లు (పాత్ర వివరాలు రాసుకునే కాగితాలు) చదువుకోవడంతోనే సరిపెట్టారు. ఈసారి శత్రువులను ఎంచుకునే పద్ధతి చెబుతానని మాట ఇచ్చాను. ఈ రెండు బృందాల చిక్కు తీరకుండా ఆ పద్ధతి చెప్పినా ప్రయోజనం ఉండదు కనుక దానిని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. ఆరు సామర్థ్యాలేమిటో, కవచ సంఖ్య ఎలా పనిచేస్తుందో మళ్లీ చెప్పను.

బ్రాడీపేట మిత్రులు పాచికలను నిందించారు. లెక్క వేసి చూస్తే పాచికలు పడవలసిన విధంగానే పడ్డాయి. ఆ నియమాలలో మొదటి లెవెల్ మాంత్రికుడికి నాలుగు ముఖాల పాచిక ఒకసారి వేస్తే వచ్చినన్ని హిట్ పాయింట్లే (దెబ్బ తగిలినప్పుడల్లా తగ్గే ప్రాణ సంఖ్య) ఉంటాయి. యోధుడికి ఎనిమిది ముఖాల పాచిక. గాబ్లిన్ దెబ్బకు ఆరు ముఖాల పాచిక వేశారనుకుందాం. ఆరు సామర్థ్యాలలో ఒకటైన శరీర దారుఢ్యం వల్ల వచ్చే హెచ్చుతగ్గులను పక్కన పెడితే, ఒక్క దెబ్బ తగిలినప్పుడు మాంత్రికుడు చనిపోయే అవకాశం నాలుగింట మూడు వంతులు, యోధుడు చనిపోయే అవకాశం నూటికి దాదాపు 44. సున్నాకు చేరితే మరణమే, మధ్యలో స్పృహ తప్పడమనే మెట్టు లేదు. మాంత్రికుడికి రోజుకు ఉన్నది ఒకే ఒక మంత్రం.

ఇంత దుర్బలమైన పాత్రను ఆ నియమాలు ఎందుకు ఇచ్చాయో తెలియాలంటే అనుభవ పాయింట్ల పట్టిక చూడాలి. అక్కడ ఒక గాబ్లిన్‌ను చంపితే వచ్చేవి 5 పాయింట్లు, బయటికి మోసుకువచ్చిన ప్రతి బంగారు నాణేనికి ఒక పాయింటు. మాంత్రికుడు రెండో లెవెల్ చేరడానికి 2,500 కావాలి, దొంగకు 1,200 చాలు. కత్తి దూయకుండా, కంటపడకుండా, అవసరమైతే బేరమాడి, నిధితో బయటపడిన వాడికే ఆ ఆటలో ఎదుగుదల ఉంది. ముఖాముఖి పోరు అక్కడ చిట్టచివరి మార్గం. మొదటి గదిలో గాబ్లిన్‌లు కనబడగానే కత్తులు తీసిన వారికి ఆ పాత్రల బలహీనత అన్యాయంగా తోచింది గానీ, తలుపు దగ్గర ఆగి వాటి మాటలు విన్న వారికి అదే బలహీనత ఆటను రసవత్తరం చేసి ఉండేది.

అయిదో ఎడిషన్ ఉద్దేశం వేరు. శరీర దారుఢ్యం 14 ఉన్న మొదటి లెవెల్ మాంత్రికుడికి 8 హిట్ పాయింట్లు, యోధుడికి 12. గాబ్లిన్ మామూలు దెబ్బ ఆరు ముఖాల పాచికకు రెండు కలిపి కనుక, మాంత్రికుడు ఒకే దెబ్బకు పడిపోవాలంటే ఆ పాచిక మీద 6 పడాలి. పడినా వెంటనే మరణం లేదు. ఇరవై ముఖాల పాచికతో మూడుసార్లు గెలిస్తే నిలదొక్కుకుంటాడు, మూడుసార్లు ఓడితే పోతాడు. అయినా నాలుగు గాబ్లిన్‌లు అక్కడా చిన్న సంగతి కాదు: ఒక్కొక్కదానికి 50 చొప్పున 200 పాయింట్లు, గుంపుగా ఉన్నందుకు రెట్టింపు చేస్తే 400, నలుగురు మొదటి లెవెల్ పాత్రలకు ‘ప్రాణాంతకం’ అని ఆ పుస్తకం గీసిన గీత కూడా సరిగ్గా 400. అయితే రెండో లెవెల్‌కు 300, మూడో లెవెల్‌కు మొత్తం 900 పాయింట్లే అవసరం. మొదటి రెండు లెవెళ్లను త్వరగా ముగిసే శిక్షణకాలంగా దాని రూపకర్తలు భావించారని ఈ అంకెలే చెబుతున్నాయి.

మొగల్రాజపురం మిత్రులు ఆ శిక్షణకాలాన్ని దాటవేశారు. అయిదో లెవెల్ మాంత్రికుడి గ్రంథంలో కనీసం 14 మంత్రాలు ఉంటాయి. వాటిలో ఎనిమిదో తొమ్మిదో ఏ రోజుకారోజు ఎంచుకోవాలి. వాటిని ప్రయోగించే స్లాట్లు, అంటే రోజుకు ఇన్నిసార్లు అన్న లెక్క, మూడు స్థాయులలో ఉంటాయి. ఫైర్‌బాల్ మంత్రం అందుబాటులోకి వచ్చేదీ అప్పుడే. దాని దెబ్బ సగటున 28, తప్పించుకున్న వారికి 14. గాబ్లిన్‌కు ఉన్నవి 7 హిట్ పాయింట్లు. బ్రాడీపేటలో ముగ్గురిని బలిగొన్న గది ఇక్కడ ఒక్క మంత్రంతో ఖాళీ అయింది. ఆ తరువాత ఏ గదిలో ఏ మంత్రం వాడాలో తెలియక ఆటగాళ్లు షీట్లలో తల దూర్చి కూర్చున్నారు.

ఈ రెండు అనుభవాలను పక్కపక్కన పెడితే, ‘బలం’ అని మనం ఒక్క మాటలో అనేది రెండు వేర్వేరు విషయాలని తెలుస్తుంది. ఒకటి, ఆటగాడు ఎన్ని పొరపాట్లు చేసేదాకా పాత్ర బతికి ఉంటుందన్నది. రెండోది, ప్రతి వంతులోనూ ఆటగాడు ఎన్ని దారులలో ఒకటి ఎంచుకోవాలన్నది. లెవెల్ పెంచితే రెండూ కలిసి పెరుగుతాయి. కొత్తవారికి మొదటిది కావాలి, రెండోది అడ్డు. పొరపాటు చేసి, దాని ఫలితం చూసి, మరుసటి వంతులో సరిదిద్దుకునేంత ఆయువు ఉన్నప్పుడే ఎవరైనా ఆట నేర్చుకుంటారు.

నేను వాడే అడ్డదారి ఇది. కొత్త బృందాన్ని మొదటి లెవెల్‌లోనే ఉంచుతాను, హిట్ పాయింట్లకు శరీర దారుఢ్యం మీది సవరణకు (14 ఉంటే 2) బదులుగా ఆ సంఖ్యనే పూర్తిగా కలుపుతాను. 2008 నాటి నాలుగో ఎడిషన్ ఇదే దారి పట్టింది. అక్కడ మాంత్రికుడికి 10, యోధుడికి 15, దానిపైన శరీర దారుఢ్యం మొత్తం. అయిదో ఎడిషన్ మాంత్రికుడికి ఇలా చేస్తే 8కి బదులు 20 వస్తాయి; సగటున మూడు దెబ్బలు కాచుకోగలడు. షీట్ మాత్రం ఒక పేజీ దాటదు. మంత్ర ఖడ్గాలు, ఉంగరాలు ఇచ్చి బలహీనతను కప్పిపుచ్చడం నాకు నచ్చదు, ఎందుకంటే ఆటగాడు అప్పుడు తన పాత్రకన్నా తన సంచినే ఎక్కువ నమ్ముకుంటాడు.

ఏ ప్రపంచంలో ఆడుతున్నామన్నది కూడా లెక్కలోకి రావాలి. 1986 నాటి వార్‌హామర్ అనే మరో పాత్రధారణ ఆటలో ఎలుకలు పట్టేవాడు కూడా కథానాయకుడు కావచ్చు. 1991లో వచ్చిన డార్క్ సన్ ఎడారి లోకం కఠినమైనది కనుక అందులో పాత్రలు మూడో లెవెల్‌లో మొదలవుతాయి. 1987 నాటి ఆర్స్ మాజికా అనే ఆటలో ఒకే ఆటగాడికి మహామాంత్రికుడూ, అతని వెంట నడిచే మామూలు మనుషులూ ఉంటారు. మన ఆటగాళ్లు ఇవేవీ చదవకుండానే బల్ల దగ్గరికి వస్తారు, కానీ పేదరాశి పెద్దమ్మ ఇంట బస చేసిన రాజకుమారుడి కథలు విని వస్తారు. ఆ రాకుమారుడు సకల విద్యలూ నేర్చే బయలుదేరుతాడు; పల్నాటి బాలచంద్రుడు కారంపూడి చేరేనాటికే వీరుడు. వారికి లేనివి అనుభవం, కొత్త ఊళ్లో పరిచయాలు. అందువల్ల మన బృందాలకు దేహబలం మొదటే ఇచ్చి, పలుకుబడిని, ధనాన్ని, అధికారాన్ని ఆటలో సంపాదించుకోనివ్వడం సరిపోతుందని నా అభిప్రాయం.

ఇక అన్నిటికన్నా నన్ను బాధించిన విషయం. ముగ్గురు పోయిన తరువాత, నాలుగోవాడినైనా దక్కించాలని బ్రాడీపేట గేమ్ మాస్టర్ తన పాచికలు కనబడకుండా పెట్టుకునే తెర వెనుక, గాబ్లిన్ దాడికి 17 పడితే 7 అని చెప్పారట. ఇలా చేసినట్టు మరికొందరూ రాశారు, దానిని దయగా భావించారు. దయచేసి ఈ పని చేయకండి. మీరు 17ని 7 అన్న క్షణంలో ఆ పాత్రకు షీట్ మీద కనబడని అనంతమైన ప్రాణం ఇచ్చారు, ఆ సంగతి ఆటగాడికి చెప్పలేదు. అతను పారిపోదామా, లొంగిపోదామా అని తర్జనభర్జన పడుతున్నాడు. ఏది ఎంచుకున్నా బతుకుతాడని మీకు తెలుసు. అంటే అతని ఆలోచన వృథా. తలుపు దగ్గర జాగ్రత్త పడమని చెప్పిన ఆటగాడికీ, ఆ మాట వినకుండా దూకిన ఆటగాడికీ ఒకే ఫలితం దక్కింది కనుక జాగ్రత్తపరుడు మళ్లీ నోరు విప్పడు. మూడోసారి గండం తప్పేసరికి బల్ల చుట్టూ ఉన్నవారందరికీ అనుమానం వస్తుంది. అనుమానం వచ్చాక నిజంగా పడిన 20ని చూపినా ఎవరూ నమ్మరు. పైగా మీరు ఎవరిని కాపాడారు, ఎవరిని వదిలేశారు అన్న ప్రశ్న లేస్తుంది. ముందుగా పోయిన ముగ్గురు ఆ ప్రశ్న అడిగితే సమాధానం ఉండదు.

పాత్రలు చనిపోవడం మీకు ఇష్టం లేకపోతే, ఆ మాట ఆటకు ముందే పైకి చెప్పండి. సున్నాకు చేరినవాడు బందీ అవుతాడని నియమం పెట్టండి. గాబ్లిన్‌లకు శవాలకన్నా విడుదల సొమ్ము మీద ఆశ ఎక్కువని నిర్ణయించండి. లేదా పైన చెప్పినట్టు హిట్ పాయింట్లు పెంచి, అందరూ చూస్తుండగా షీట్ మీద రాయించండి. ఇవ్వదలచుకున్న బలమంతా కాగితం మీద ఉండాలి, పాచికలు అందరి ఎదుట పడాలి. తెరను పటాలు దాచుకోవడానికి మాత్రమే వాడండి.

అభ్యాసం. ఒక యోధుడిని, ఒక మాంత్రికుడిని మూడు విధాలుగా తయారుచేయండి: 1981 నియమాలతో, అయిదో ఎడిషన్‌తో, అయిదో ఎడిషన్‌కు శరీర దారుఢ్యం పూర్తిగా కలిపి. ప్రతి జంటను మూడు గాబ్లిన్‌లతో 20 సార్లు పోరాడించండి. గాబ్లిన్‌ను కూడా ఆయా నియమాల నుంచే తీసుకోవాలి. మొత్తం 60 పోరాటాలు, ఫోన్ యాప్ లేకుండా చేత్తో వేసిన పాచికలతో. ప్రతి పోరాటానికి రెండు సంగతులు రాయండి: మొదటి పాత్ర ఎన్నో రౌండులో పడింది, పారిపోవాలని అంతకు ముందు రౌండులోనే తెలిసే అవకాశం ఉన్నదా. రెండో గడిలో ‘లేదు’ అని ఎక్కువగా వచ్చిన పద్ధతిని మీ బృందానికి వాడకండి. వచ్చే పాఠంలో శత్రువుల ఎంపికను ఈ పట్టికతోనే మొదలుపెడతాను కనుక దానిని దగ్గర ఉంచుకోండి.