గ్రూప్-2 చరిత్ర: చదివింది పరీక్ష హాలులో ఎందుకు గుర్తు రాదు?

సమస్య: సంవత్సరాలు కలగాపులగం అవుతున్నాయి

హైదరాబాద్ సంస్థానంలో ఉద్యోగాలు స్థానికులకే (ముల్కీలకే) అన్న ముల్కీ నిబంధనల అధ్యాయాన్ని 1919, 1952, 1969, 1972, 1973 అంటూ పట్టికగా బట్టీ పట్టినవారు, "కాలక్రమంలో అమర్చండి" అన్న ప్రశ్న రాగానే రెండు ఆప్షన్ల మధ్య ఊగిసలాడతారు. దీనికి జ్ఞాపకశక్తిని నిందించనక్కరలేదు. ఏది దేనికి దారితీసిందో పట్టించుకోకుండా అంకెలను మాత్రమే చదవడమే అసలు కారణం.

ప్రతి సంవత్సరం పక్కన "ఎందుకు" అన్న ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు రాసుకోండి. స్థానికులకే ఉద్యోగాలన్న 1919 నాటి నిజాం ఫర్మానాను తుంగలో తొక్కుతున్నారన్న ఆగ్రహం 1952 ఉద్యమానికి దారితీసింది. ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య కుదిరిన 1956 పెద్దమనుషుల ఒప్పందంలోని హామీలు నెరవేరలేదన్న అసంతృప్తి 1969లో తెలంగాణ ఉద్యమంగా భగ్గుమంది. ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పునివ్వడంతో ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరుతూ జై ఆంధ్ర ఉద్యమం లేచింది. దాన్ని చల్లార్చడానికి 1973లో ఆరు సూత్రాల పథకం, దాని అమలు కోసం 32వ రాజ్యాంగ సవరణతో 371-డి అధికరణ వచ్చాయి. ఈ వరుసకు, తెలంగాణలో నిబంధనలకు విరుద్ధంగా నియమితులైన స్థానికేతరులను వెనక్కి పంపాలన్న 1985 నాటి 610 జీవోను మీరే తగిలించి చూడండి. మధ్యలో, ఉద్యోగాల్లో స్థానికులెవరో నిర్ణయించిన 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు లేకపోతే అది అతకదు.

సమస్య: ఎన్నిసార్లు చదివినా నిలవడం లేదు

రంగు పెన్నుతో గీతలు గీసిన పేజీని మళ్లీ చూసినప్పుడు అంతా తెలిసినట్టే అనిపిస్తుంది, కానీ అది కేవలం గుర్తుపట్టడం. పుస్తకం మూసి, కాకతీయ రాజు గణపతిదేవుని గురించి తెలిసినదంతా తెల్లకాగితంపై రాయండి. 1244 నాటి మోటుపల్లి శాసనం పేరు రాసి, తుఫానుకు దెబ్బతిన్న ఓడల సరుకును రాజులు స్వాధీనం చేసుకునే పద్ధతిని మాని, వర్తకుల నుంచి నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటామని అందులో హామీ ఇచ్చిన సంగతి రాయలేకపోతే, మళ్లీ చదవాల్సింది ఆ పేరా ఒక్కటే. మర్నాడు, వారం తర్వాత మళ్లీ ఇలాగే రాయండి. మెటీరియల్ మార్చడం దీనికి మందు కాదు.

సమస్య: మెయిన్స్‌లో పేజీలు నిండుతున్నా మార్కులు రావడం లేదు

ఇది గ్రూప్-1 రాసేవారి చిక్కు. "కాకతీయుల పతనానికి కారణాలను విశ్లేషించండి" అని అడిగితే, 1303 నుంచి 1323 వరకు జరిగిన ఢిల్లీ దండయాత్రలను వరుసగా చెప్పుకుపోవడం వల్ల ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. ముందు కారణాన్ని ఒక వాక్యంగా రాసి, దానికి సాక్ష్యంగా నిలిచే దండయాత్రను మాత్రమే కింద చేర్చండి.