పిల్లలకు గ్రాఫిక్ డిజైన్: తెలుగు అక్షరంతో మొదలుపెట్టండి

తిరుపతిలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు గ్రాఫిక్ డిజైన్ నేర్పేవారు మొదటి రోజే సాఫ్ట్‌వేర్‌లోని మెనూలన్నీ చూపించడం పొరపాటని నా గట్టి అభిప్రాయం. మొదటి పాఠానికి కంప్యూటర్ అక్కరలేదు. పిల్లలను ఆర్టీసీ బస్టాండుకు తీసుకెళ్లి, బస్సు ఇంకా దూరంగా ఉండగానే ఏ బోర్డును చదవగలిగారో, దేనికి దగ్గరకు వెళ్లాల్సి వచ్చిందో నోటుపుస్తకంలో రాయించండి. అక్షరాల పరిమాణం, రంగుల మధ్య తేడా, చుట్టూ వదిలిన ఖాళీ చేసే పనేమిటో వారికి అక్కడే తెలుస్తుంది.

ల్యాబ్‌లో బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్ చాలు. అది ఉచితం, పైగా బొమ్మను చుక్కలుగా కాక గీతలుగా దాచుకుంటుంది కనుక ఎంత పెద్దది చేసినా అంచులు చెదరవు.

మొదటి పోస్టర్ తెలుగులోనే ఉండాలి. ఒకసారి మా విద్యార్థిని ఒకరు పై వరుసలో ‘శ్రీకాళహస్తి’ అని, కింది వరుసలో ‘కలంకారీ’ అని టైపు చేసింది. ‘స్తి’ కింద ఉన్న త వత్తు దిగివచ్చి ‘రీ’ మీది గుడిదీర్ఘానికి తగిలింది. ఆమె అక్షరాలను చిన్నవి చేయబోయింది. నేను ఆపి, వరుసల మధ్య దూరాన్ని అక్షర పరిమాణానికి 1.25 రెట్ల నుంచి 1.6 రెట్లకు పెంచమన్నాను, అక్షరం తగ్గకుండానే రెండు వరుసలూ విడివడ్డాయి. తెలుగులో పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి ఇంగ్లీషుకు సరిపోయే దూరం మనకు చాలదని ఆ తరగతిలో మళ్లీ ఎవరికీ చెప్పవలసిన అవసరం రాలేదు.

బొమ్మలు గీయడానికి కలంకారీలోని మామిడిపిందె ఆకారం చాలా మంచి పాఠం. శ్రీకాళహస్తి కళాకారులు బెల్లం, ఇనుము ఊరబెట్టిన నల్లద్రవంతో, వెదురు కలంతో ముందుగా గీతలు గీసి, ఆ తరువాతే రంగులు నింపుతారు. ఇంక్‌స్కేప్‌లో స్ట్రోక్‌కూ (అంచు గీత) ఫిల్‌కూ (లోపల నింపే రంగు) ఉన్న తేడాను ఇంతకంటే తేలికగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు. గీతలు గీసే పెన్ టూల్ చేతికి రాగానే పిల్లలు ఇరవై నోడ్లు (గీతను పట్టి ఉంచే బిందువులు) పెడతారు, వంపు గతుకుల బాటలా తయారవుతుంది. వంపు దిశ మారేచోట మాత్రమే నోడ్ పెట్టి, దాని హ్యాండిల్‌ను, అంటే వంపును సరిచేసే పిడిని, లాగమనండి. నాలుగైదు నోడ్లతో పిందె నున్నగా వస్తుంది. నెట్‌లో దొరికిన బొమ్మను అతికించడానికి మాత్రం ఒప్పుకోకండి.

ప్రింటుకు పంపేముందు రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. ఒకసారి మేము ఫైలును ఉన్నదున్నట్టు పంపితే, దుకాణంలోని కంప్యూటర్‌లో మా ఫాంట్ లేక అక్షరాల బదులు ఖాళీ పెట్టెలు వచ్చాయి. అందుకే ముందు ఒక కాపీ దాచి, రెండో కాపీలో అక్షరాలను ‘ఆబ్జెక్ట్ టు పాత్’ ఆదేశంతో గీతలుగా మార్చాలి; మార్చాక వాటిని టైపు చేసి దిద్దడం కుదరదు. ఇక తెర మీద మెరిసే ఆకుపచ్చ కాగితం మీద మందగిస్తుంది, కాబట్టి ముందు ఒక్క ప్రతి మాత్రమే తీయించండి.

ఆ ప్రతిని గోడకు అంటించి, పోస్టర్ తయారుచేయని పిల్లవాడిని పది అడుగుల దూరంలో నిలబెట్టి పైకి చదివించండి. వాడు ఏ మాట దగ్గర ఆగితే, తయారుచేసిన పిల్లలు మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చుని ఆ మాటనే దిద్దాలి.