వ్యసనం కంటికి కనబడదు, ఫోన్ తీయడం కనబడుతుంది

"ఫోన్ వ్యసనం మీద పరిశోధన చేస్తానండీ" అంటూ వచ్చే విద్యార్థిని నేను అడిగేది ఒకటే: అక్కడ కూర్చుంటే నీకు కనబడేదేమిటి? ప్రశ్నను కనబడేదాకా దించండి. చదువుకునేటప్పుడు ఫోన్ బల్ల మీదుంటే ఎక్కువసార్లు చూస్తారా, సంచిలో ఉంటేనా? ఇదైతే లెక్కపెట్టొచ్చు.

ప్రశ్నావళి పంచేస్తే పోదా అంటారు. మనుషులు చెప్పేది వేరు, చేసేది వేరు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త లాపియర్ 1934లో ప్రచురించిన పరిశోధన చూడండి. ఒక చైనా జంటతో అమెరికా అంతా తిరిగితే 251 హోటళ్లు, రెస్టారెంట్లలో కాదన్నది ఒక్కటే. తర్వాత ఉత్తరాలు రాసి అడిగితే, జవాబిచ్చినవాళ్లలో 90 శాతానికి పైగా చైనీయులను రానివ్వబోమన్నారు!

ఎక్కువ టైమ్ పెట్టాల్సింది నిర్వచనం మీద. "ఫోన్ చూడటం" అంటే చేతిలోకి తీసుకోవాలా? స్క్రీన్ వెలిగినప్పుడు ఓరకంట చూస్తే లెక్కేనా? టైమ్ చూసుకుంటే? అన్నీ కాగితం మీద పెట్టండి. అరగంటను నిమిషాల గళ్లుగా గీసి, మీరూ ఇంకొకరూ ఒకే మనిషిని చూస్తూ విడివిడిగా టిక్కులు పెట్టండి. ఒకరి షీటు ఒకరు చూడొద్దు. టిక్కులు ఎక్కడ తేడా వచ్చాయో చూస్తే, నిర్వచనంలో సందు ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది. అంకెలు సర్దుకోకండి, నిర్వచనం దిద్ది మళ్లీ కూర్చోండి. ఇద్దరి టిక్కులు ఎంత కలిశాయో చెప్పడానికి ఉత్త శాతం చాలదు. కాకతాళీయంగా కలిసే భాగాన్ని తీసేసే కోహెన్ కప్పా అనే కొలత వాడండి.

ఫోన్ ఎక్కడ పెట్టాలో వాళ్ల ఇష్టానికి వదిలితే, సంచిలో పెట్టేవాళ్లు ముందే నిగ్రహం ఉన్నవాళ్లు కావచ్చు. అందుకే చీటీలు తీయించండి. మీరు ఏ ఫలితం ఆశిస్తున్నారో టిక్కు పెట్టేవాళ్లకు చెప్పకండి. ఇవి తెలివైన ఎలుకలని చెప్పి విద్యార్థులకు మామూలు ఎలుకల్నే ఇస్తే, అవి మిగతావాటికన్నా బాగా నేర్చుకున్నట్టు నమోదైందని మనస్తత్వ పరిశోధకులు రోజెంతాల్, ఫోడ్ 1963లోనే చూపించారు.

ఎంతమంది కావాలన్నదే అందరి టెన్షన్. "ముప్పై చాలు" అనే మాట ఎవరు పుట్టించారో గానీ, నాకు నచ్చదు. రెండు గుంపుల మధ్య ఓ మోస్తరు తేడా (ప్రామాణిక విచలనంలో సగం, అంటే 0.5) పట్టాలంటే, 5 శాతం హద్దుతో (లేని తేడా ఉన్నట్టు కనబడే అవకాశం), 80 శాతం పవర్‌కి (ఉన్న తేడాను పట్టే అవకాశం) గుంపుకి 64 మంది కావాలి. చిన్న తేడాకైతే (0.2) దాదాపు 400.

ఎథిక్స్ కమిటీ అనుమతి, పాల్గొనేవాళ్ల సమ్మతి ముందే తీసుకోండి. ఏ పరీక్షతో విశ్లేషిస్తారో, ఎవరి డేటా ఎందుకు తీసేస్తారో రాసి, మొదటి మనిషిని చూడకముందే ముందస్తు నమోదు చేయండి, అంటే ఆ ప్లాన్‌ను తేదీతో సహా ఒక రిజిస్ట్రీలో పెట్టండి. పైలట్‌లో (అసలు పరిశోధనకు ముందు చేసే ట్రయల్‌లో) కూర్చున్నవాళ్లను అసలు లెక్కలో కలపకండి.