భద్రత పేరుతో కొత్త చట్టం వస్తుంటే దాన్ని ఎలా పరిశీలించాలి?

పెద్ద దాడి జరిగిన మర్నాడు ఎవరి మనసూ స్థిమితంగా ఉండదు. ప్రభుత్వాలు ఎక్కువ అధికారాలు అడిగేది కూడా సరిగ్గా అప్పుడే. 2001 సెప్టెంబర్ 11 దాడులు జరిగిన 45 రోజులకే అమెరికాలో ప్రభుత్వ నిఘా అధికారాలను పెంచే పేట్రియాట్ చట్టం వచ్చేసింది. సెనేట్‌లో 98 మంది అనుకూలంగా ఓటేశారు. కాదన్నది రస్ ఫైన్‌గోల్డ్ ఒక్కరే. భయపడటం తప్పు కాదు. ఆ భయంలో చదవకుండానే సరేనంటే మాత్రం పోగొట్టుకున్న హక్కులు తిరిగి రావడం చాలా కష్టం.

1. ముందు బిల్లు తెరవండి

టీవీ చర్చతో సరిపెట్టుకోకండి. మొత్తం చదివే తీరిక లేకపోతే నిర్వచనాల సెక్షన్ ఒక్కటైనా చదవండి. ‘ఉగ్రవాదం’, ‘దేశ భద్రత’ లాంటి మాటలకు ఇచ్చిన అర్థం ఎంత వదులుగా ఉంటే, రేపు సమ్మె చేసేవాళ్ల మీద, వార్తలు రాసేవాళ్ల మీద దాన్ని వాడటం అంత తేలిక.

2. అడిగిస్తున్నది ఎవరో కనుక్కోండి

ఎక్కువ టైం పెట్టాల్సింది ఇక్కడే. కువైట్‌ను ఇరాక్ ఆక్రమించాక, 1990 అక్టోబర్‌లో అమెరికా కాంగ్రెస్ సభ్యుల ఎదుట 15 ఏళ్ల కువైట్ అమ్మాయి ఏడుస్తూ సాక్ష్యం చెప్పింది. ఇరాక్ సైనికులు ఆస్పత్రిలో పసిబిడ్డలను ఇంక్యుబేటర్ల నుంచి తీసి నేల మీద వదిలేశారని ఆమె మాట. యుద్ధానికి ఓటు వేసే ముందు కొందరు సెనేటర్లు ఆ సంగతే ఎత్తి చూపారు. ఆమె అమెరికాలోని కువైట్ రాయబారి కూతురని 1992లో బయటపడింది. ఆ సాక్ష్యం ఏర్పాటు వెనక ఉన్నది హిల్ అండ్ నోల్టన్ అనే ప్రచార సంస్థ. దాన్ని పెట్టుకున్న బృందానికి డబ్బులో ఎక్కువ భాగం కువైట్ ప్రభుత్వానిదే. ఇరాక్ దురాక్రమణ నిజమే, కానీ ఇంక్యుబేటర్ల కథకు ఆధారాలు దొరకలేదు.

అందుకే ఎవరైనా నిపుణుడు మాట్లాడుతుంటే ఆయన సంస్థకు నిధులు ఎక్కడివో చూడండి. ఆయుధాలు, నిఘా పరికరాలు అమ్మే కంపెనీలతో సంబంధం ఉందా? అమెరికాలో, ఐరోపా యూనియన్‌లో లాబీయింగ్ చేసేవాళ్ల, అంటే చట్టాల మీద తమకు అనుకూలంగా ఒత్తిడి తెచ్చేవాళ్ల, రిజిస్టర్లు ఎవరైనా చూడొచ్చు.

అలాగని ఒత్తిడి బృందాలన్నీ చెడ్డవని అనుకోకండి. మందుపాతరలు లేకుండా కుదరదని సైన్యాలు వాదిస్తున్న రోజుల్లో, 1992లో కొన్ని స్వచ్ఛంద సంస్థలు కలిసి వాటిపై నిషేధం కోసం ప్రచారం మొదలుపెట్టాయి. 1997లో నిషేధ ఒప్పందం మీద 122 దేశాలు సంతకం చేశాయి. ఆ ఏడాది నోబెల్ శాంతి బహుమతి ఆ ప్రచారానికే దక్కింది. వాళ్లు చేసిందీ ఒత్తిడే, కాకపోతే బహిరంగంగా చేశారు. నా దృష్టిలో అసలు తేడా అక్కడే ఉంది.

3. గడువు ఉందా?

‘తాత్కాలికం’ అన్న మాటను నమ్మి ఊరుకోకండి, తేదీ వెతకండి. తేదీ ఉన్నా కన్నేసి ఉంచాల్సిందే. 2015 నవంబర్‌లో పారిస్ దాడుల తర్వాత ఫ్రాన్స్ పెట్టిన అత్యవసర పరిస్థితిని ఆరుసార్లు పొడిగించారు. 2017 నవంబర్ 1న అది ముగిసింది. సరిగ్గా దానికి ముందే వచ్చిన మరో చట్టం అందులోని కొన్ని అధికారాలను మామూలు చట్టంలోకి చేర్చేసింది.

4. కాపలా ఎవరిది?

కోర్టు అనుమతి తప్పనిసరి అని రాసి ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం. అమెరికాలో కోట్ల మంది ఫోన్ కాల్స్ వివరాల సేకరణకు అనుమతిచ్చింది రహస్యంగా విచారించే కోర్టే. 2013లో ఆ సంగతి బయటికి పొక్కింది. అది చట్టం ఇచ్చిన అధికారాన్ని మించిపోయిందని 2015లో ఒక అప్పీలు కోర్టు చెప్పింది. వాదన వినిపించడానికి రెండో పక్షం ఉంటుందా, చట్టసభకు ఏటా లెక్క చెప్పాలా అన్నది చూడండి.

5. ఇప్పుడు రాయండి

మీ ప్రతినిధికి ఒక్క పేజీ చాలు. సెక్షన్ నంబర్ వేసి, అది ఎవరికి ఎలా తగులుతుందో ఒక ఉదాహరణతో చెప్పండి. ఏ మాట మార్చాలో కూడా మీరే రాసి ఇవ్వండి. బిల్లు కమిటీ దగ్గర ఉండగానే అది చేరాలి. ఓటింగ్ రోజున పంపితే చదివేవాళ్లు ఉండరు.