గడ్డ కోయించే ముందు ఛాతీ ఎక్స్‌రే తీయించండి

ఆడకుక్క పొట్ట నిమురుతున్నప్పుడు చనుమొన పక్కన బఠాణీ గింజంత గడ్డ చేతికి తగిలితే, కొవ్వుగడ్డే కదా అని నెలల తరబడి ఊరుకునేవారినీ, కంగారుపడి మర్నాడే కోయించేవారినీ మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో తరచుగా చూస్తుంటాను. ఈ గడ్డల్లో దాదాపు సగం క్యాన్సర్‌వే కావచ్చు. అవి దగ్గరి లింఫు గ్రంథులకూ, అక్కడి నుంచి ఊపిరితిత్తులకూ పాకుతాయి కనుక, గడ్డను స్కేలుతో కొలిచి తేదీతో సహా రాసుకుని, ముందుగా ఛాతీ ఎక్స్‌రే తీయించాలి.

ఒక్క ఎక్స్‌రేతో సరిపెట్టవద్దు. కుడిపక్కకు ఒకటి, ఎడమపక్కకు ఒకటి, వెల్లకిలా ఒకటి, మొత్తం మూడు అడగండి. కుక్క ఒక పక్కకు పడుకున్నప్పుడు కిందివైపు ఊపిరితిత్తి బరువుకు అణిగి, గాలి తగ్గి, ఫిల్ముపై తెల్లబారుతుంది. అందులో ముద్ద ఉన్నా ఆ తెలుపులోనే కలిసిపోతుంది. పైవైపు ఊపిరితిత్తి గాలితో నిండి నల్లగా ఉంటుంది కాబట్టి అదే ముద్ద అక్కడ తెల్లటి చుక్కలా తేటగా కనిపిస్తుంది. నిండుగా గాలి పీల్చిన క్షణంలో తీసిన ఫిల్మే నమ్మదగినది. సుమారు 5 మిల్లీమీటర్లకు లోపు ముద్దలు ఎక్స్‌రేకు చిక్కకపోవచ్చు. అనుమానం బలంగా ఉంటే సీటీ స్కాన్ అవసరమవుతుంది. కుక్కను మీరే పట్టుకోవలసి వస్తే సీసపు ఏప్రాన్ వేసుకోండి. గర్భిణులు ఆ గదిలోకి రాకూడదు.

కడుపులోని ప్లీహం, కాలేయం వంటి భాగాలకు అల్ట్రాసౌండ్ మేలు. దానికి 8 నుంచి 12 గంటల ముందు నుంచి మేత పెట్టకండి, నీళ్లు ఇవ్వవచ్చు. మూత్రాశయం నిండుగా ఉంటే బాగా కనిపిస్తుంది కనుక వచ్చేముందు మూత్రానికి తిప్పకండి. పొట్ట మీది వెంట్రుకలు గొరిగితే బాధపడకండి, అవి ఉంటే గాలి చేరి బొమ్మ సరిగా రాదు. ప్లీహంపై పెద్ద ముద్ద కనిపించినంత మాత్రాన ఆశ వదులుకోవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. అది మామూలు రక్తపు గడ్డ కూడా కావచ్చు. స్కాన్ ముద్ద ఎక్కడుందో, ఎంతుందో చూపుతుంది. అది క్యాన్సరో కాదో తేల్చేది సూది నమూనా లేదా బయాప్సీ (చిన్న ముక్క కోసి తీసి చేసే పరీక్ష) మాత్రమే.

ఎద్దుల విషయంలో కొమ్ము క్యాన్సర్‌ను మరువకూడదు. ఎద్దు తల విదిలిస్తూ, ఒక కొమ్మును గోడకో స్తంభానికో రుద్దుతూ, ఆ వైపు ముక్కు నుంచి రక్తం కలిసిన చీమిడి కారుస్తుంటే, కొమ్ము వాలేదాకా ఆగకండి. కొమ్ములోని బోలుగది ముక్కుతో కలిసి ఉంటుంది కాబట్టే రక్తం అక్కడికి దిగుతుంది. ఎక్స్‌రేలో నల్లగా ఉండవలసిన ఆ బోలు తెల్లగా నిండిపోయి, ఎముక గోడ కొరికినట్టుంటే వైద్యుడు శస్త్రచికిత్సకు సిద్ధమవుతాడు.

మీ మండల పశువైద్యుని చీటీతో గరివిడి పశువైద్య కళాశాలకు వెళ్లవచ్చు. ఏయే పరీక్షలు, ఏ రోజుల్లో చేస్తారో ముందే అడిగి బయలుదేరండి. శస్త్రచికిత్స తరువాత మొదటి ఏడాది సాధారణంగా మూడు నెలలకోసారి ఛాతీని మళ్లీ అవే మూడు భంగిమల్లో తీయించాలి. పాత ఫిల్ములు పారేయకుండా వెంట తీసుకెళ్తే, వైద్యుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి కొత్త చుక్క పుట్టిందో లేదో చూస్తాడు.