పడవకి ఏది పనికొస్తుందో పిల్లల్నే తేల్చనివ్వండి

ఐదారేళ్ల పిల్లల ముందు కాగితాలు, అట్టలు, జిగురు పరిచి "పడవ చెయ్యండి" అంటే ముందుగా చెయ్యి వెళ్లేది మెరుపు కాగితం మీదకే. పడవ ఏం పని చెయ్యాలో చెప్పకపోతే వాళ్లు మాత్రం ఇంకేం చూసి ఎంచుకుంటారు? అందుకే మొదట పని చెప్పండి: "ఇరవై చింతపిక్కలు వేసినా ఇది తొట్టిలో మునగకూడదు, మనం వంద లెక్కపెట్టేదాకా తేలాలి."

నాలుగు రకాలు చాలు, ఎక్కువైతే తికమకపడతారు. న్యూస్ పేపరు, అట్టముక్క, కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్, అరటి దొప్ప. కార్తీకమాసంలో దీపాలు వదిలే దొప్పే, చాలామంది చూసే ఉంటారు. దాన్ని మాత్రం మీరే కొయ్యండి, ఆ రసం మరక బట్టలకి పడితే వదలదు.

ఇప్పుడు వంచమనండి, నలపమనండి, ఒక్కోదాని మీద వేలితో ఒక నీటి చుక్క వెయ్యమనండి. పేపరు మీద చుక్క చూస్తుండగానే పాకుతుంది, అట్ట మీద కాసేపు ఆగి ఇంకుతుంది, ప్యాకెట్ మీద పూసలా నిలబడి కాస్త వంచగానే జారిపోతుంది. ఇక్కడ అస్సలు తొందరపెట్టకండి. నానుతుంది, జారుతుంది, వంగుతుంది లాంటి మాటలు వాళ్ల నోటినుంచే రానివ్వండి, రాకపోతే అందించండి, కానీ "ఇది మంచిది" అని మీరు ముందే అనేస్తే ఇక వాళ్లు ఆలోచించరు, మీ మొహం చూసి ఎంచుకుంటారు.

ఏది తేలుతుందో ముందే చెప్పించి, తర్వాత నీళ్లలో వదలండి. పేపరు పడవ మొదట బాగానే తేలుతుంది, పిల్లలు చప్పట్లు కొడతారు, కాసేపటికి అడుగు మెత్తబడి కూలుతుంది. నాకు బాగా ఇష్టమైనది పాల ప్యాకెట్ వంతు. నానదు కదా, ఇదే గెలుస్తుందనుకుంటారు, తీరా పిక్కలు వేస్తే అది ముడుచుకుపోయి అన్నీ ఒక మూలకి జారి ఒరిగిపోతుంది. నానకపోతే చాలదు, గట్టిగా నిలబడాలి కూడా అని అప్పుడు తెలుస్తుంది. "మరి ఏం చేద్దాం?" అని అడిగి ఊరుకోండి. ఎవరో ఒకరు అట్టకి ప్యాకెట్ తొడుగుతారు, ఇంకొకరు లోపల చీపురుపుల్లలు పెడతారు. దొప్ప మాత్రం హాయిగా తేలుతుంది. దాని అడ్డుకోత చూపించండి, గాలి నిండిన చిన్న చిన్న గదులు కంటికే కనిపిస్తాయి.

నీళ్లతొట్టి దగ్గర పెద్దవాళ్లు తప్పకుండా ఉండాలి, పని కాగానే నీళ్లు పారబోయండి.

మర్నాడు అవే నాలుగు వస్తువులు పెట్టి, ఈసారి గాలిపటానికి ఏది కావాలో అడగండి. నిన్న ఓడిపోయిన పేపరు వైపు ఎన్ని చేతులు వెళ్తాయో చూడండి.